ఫైబర్‌గ్లాస్ కుళ్ళదు, లోపలి చెక్క కుళ్ళుతుంది: పాత తెరచాప పడవలపై అపోహలు - వాస్తవాలు

పాత పడవ కొనాలనుకుని నన్ను పిలిచేవాళ్ళలో ఎక్కువమంది చేసే మొదటి పని ఒకటే. నేరుగా పడవ కిందికి తీసుకెళ్ళి, లోపలికి నీరు ఇంకి అడుగున లేచిన బొబ్బలు చూపిస్తారు. "ఇవి ఆస్మాసిస్ బొబ్బలే కదండీ? పడవ పోయినట్టేనా?" అంటారు. ఆ గొంతులో భయం నిజమైనదే. ఎవరో ఏదో చెప్పి బెదరగొట్టి ఉంటారు. నేను వాటిని ఓసారి చూసి, నిచ్చెన వేసుకుని డెక్ (పడవ పై తలం) మీదికి వెళ్తాను. జబ్బు కింద ఉంటే ఈయన పైకెందుకు వెళ్తున్నాడని వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

బొబ్బల గురించి రాత్రిళ్ళు నిద్ర మానుకునే మనిషే, ఏళ్ళ తరబడి కారుతున్న స్టాంచియన్ (డెక్ అంచున కంచెతీగను నిలిపే కమ్మీ) కింద ఒక గిన్నె పెట్టి ఊరుకుంటాడు. డబ్బంతా ఊడ్చుకుపోయేది ఆ గిన్నె దగ్గరే. అందుకే ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

అపోహ: "ఫైబర్‌గ్లాస్‌కు కుళ్ళు లేదు. కారుతుంటే కాస్త సిలికాన్ రాస్తే సరిపోతుంది."

గాజు పీచు కుళ్ళదు, దాన్ని పట్టి ఉంచే రెజిన్ కూడా కుళ్ళదు. అంతవరకు నిజమే. 1959లో కార్ల్ ఆల్బర్గ్ రూపకల్పనతో వచ్చిన పియర్సన్ ట్రైటన్ లాంటి తొలితరం పడవలు ఇప్పటికీ నీళ్ళ మీద తిరుగుతున్నాయి. ఆ తరంలో హల్, అంటే పడవ ఒళ్ళు, సాధారణంగా గట్టి లామినేట్, అంటే రెజిన్‌తో అతికిన గాజు పొరలే. డెక్ సంగతి వేరు. అక్కడ రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బల్సా అనే తేలికపాటి చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. తర్వాతి పడవల్లో కొన్నిటికి ఫోమ్ ఉంటుంది. అంటే మీరు ఫైబర్‌గ్లాస్ పడవ కొన్నాననుకుంటున్నారు గానీ, దానితోపాటు చెక్క డెక్ కూడా కొన్నారు. కనబడదు, అంతే తేడా.

ఆ చెక్క ఖాళీ నింపడానికి పెట్టిన సరుకు కాదు. ఒక లామినేట్‌ను రెండు పొరలుగా విడదీసి, మధ్యలో కోర్ (నడిమి దిమ్మ) పెట్టి, మొత్తం మందాన్ని రెట్టింపు చేస్తే, వంగకుండా నిలిచే శక్తి సుమారు 7 రెట్లవుతుంది. బరువు మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. కోర్ రెండు పొరలనూ గట్టిగా పట్టుకుని, ఒకదాని మీద ఒకటి జారకుండా ఆపినంతకాలమే ఈ లెక్క. అది పట్టు వదిలితే మీ పాదాల కింద మిగిలేవి రెండు పలుచని రేకులు. నడుస్తుంటే మెత్తగా దిగేది అందుకే.

ఇక నీళ్ళు లోపలికి ఎలా వెళ్తాయో చూద్దాం. డెక్‌లో స్టాంచియన్లకు, తాళ్ళు కట్టే క్లీట్లకు, ముందు తెరచాప తాడును నడిపే జెనోవా ట్రాకుకు, తాళ్ళు లాగి బిగించే వించ్‌లకు, చేతిపట్టీలకు, హ్యాచ్ (డెక్‌లోని తలుపు) ఫ్రేములకు వేసిన రంధ్రాలు లెక్కపెట్టడం మొదలుపెడితే విసుగొస్తుంది. పాత పడవల్లో చాలాచోట్ల కోర్ గుండా నేరుగా డ్రిల్ చేసి, సీలెంట్ రాసి, బోల్టు బిగించేశారు. పడవెక్కే ప్రతి మనిషీ స్టాంచియన్ పట్టుకుని తన బరువంతా దాని మీద వేస్తాడు. కొన్నేళ్ళకు సీలెంట్ తన పట్టు వదిలేస్తుంది. అప్పటినుంచి వానపడ్డ ప్రతిసారీ ఆ బోల్టు పక్కనుంచి నీళ్ళు దిగుతూనే ఉంటాయి.

ముందు అవి వెళ్ళేది క్యాబిన్‌లోకి కాదు, కోర్‌లోకి. మీ పరుపు మీద పడిన చుక్క, కోర్ తాగగలిగినంత తాగాక మిగిలినది. కింద చుక్క పడకపోతే డెక్ పొడిగా ఉందనీ అనుకోకండి. కింది పొర దగ్గర రంధ్రం బిగుసుకుని ఉంటే నీళ్ళకు బయటికి దారే ఉండదు. అన్నిటికన్నా చెడ్డ స్థితి అదే. బల్సాను పీచు నిలువుగా ఉండేలా పేరుస్తారు కాబట్టి పక్కలకు నీరు పాకడం నెమ్మదే. కానీ వంపు తిరగడానికి షీటును చిన్న చిన్న పలకలుగా కోస్తారు. రెజిన్ నిండని ఆ కోతలే కాలువలవుతాయి. ప్లైవుడ్‌లో నీరు పొరల వెంట పాకుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు తెచ్చే శిలీంధ్రం పెరగదు. మూసిన డెక్ లోపల ఆ తేమ తగ్గే మార్గమేది? చలిదేశాల్లో అయితే ఆ నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, పొరను కోర్ నుంచి ఊడదీస్తుంది కూడా.

ఇప్పుడు సిలికాన్. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, నా పనిలో సగం వాళ్ళ పుణ్యమే. ఫిట్టింగ్ తీయకుండా అంచు చుట్టూ పూసిన సిలికాన్ నీళ్ళను ఆపదు, మహా అయితే దారి మళ్ళిస్తుంది. లోపల చేరిన తడి బయటికి రాకుండా మూత కూడా వేస్తుంది. పైగా దాని జిడ్డు మిగిలిన చోట తర్వాత పెయింటూ, జెల్‌కోటూ (పడవ పైకి కనబడే రెజిన్ పూత), ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెజిన్) ఏదీ సరిగా అంటుకోదు. దాన్ని పూర్తిగా గీకి తీయడానికి పట్టే కాలంలో ఆ ఫిట్టింగ్‌ను విప్పి సరిగ్గా బిగించవచ్చు.

తండ్రి వదిలివెళ్ళిన పడవను బాగు చేసుకోవాలని ఒక యువకుడు వచ్చాడు. అడుగంతా గీయించి ఎపాక్సీ పూత వేయించడానికి డబ్బు కూడబెట్టుకున్నాడు. నేను మాస్ట్ (తెరచాప స్తంభం) పక్కన నిలబడి బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చాను. పక్కనున్న స్క్రూ తల చుట్టూ గోధుమరంగు నీళ్ళు ఊరాయి. కాలు తీస్తే లోపలికి పోయాయి, వేస్తే మళ్ళీ వచ్చాయి. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నగారు ప్రతి ఏడాదీ ఇక్కడ సిలికాన్ రాసేవారండీ" అన్నాడు. ఏం చెబుతాం? ఆయన శ్రద్ధలో లోపం లేదు. అందిన సలహాలోనే ఉంది. ఆ అబ్బాయి కూడబెట్టిన డబ్బు డెక్‌కు పెట్టాడు. అడుగున బొబ్బలు ఇంకా అలాగే ఉన్నాయి, పడవ తిరుగుతూనే ఉంది.

మీ పడవను మీరే పరీక్షించుకోవచ్చు. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో గానీ, స్క్రూడ్రైవర్ పిడితో గానీ డెక్ అంతా తట్టుకుంటూ వెళ్ళండి. బాగున్న చోట టకటకమని స్పష్టంగా పలుకుతుంది, పట్టు వదిలిన చోట బొదబొదమంటుంది. హద్దును పెన్సిలుతో గీయండి. అనుమానం ఉన్నచోట ఒక ఫిట్టింగ్ విప్పి, కొన వంచిన తీగను రంధ్రంలో పెట్టి కోర్‌ను గీకండి. పాలిపోయిన పొడి చెక్కపొట్టు వస్తే అదృష్టం. నల్లటి ముద్ద వస్తే మీకు సమాధానం దొరికినట్టే.

అపోహ: "చిన్న చిన్న రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కిస్తే కోర్ మళ్ళీ గట్టిపడుతుంది."

ఈ పనికి రెండుసార్లు డబ్బు పెట్టినవాళ్ళను చూశాను. మొదటిసారి ఎపాక్సీకి, రెండోసారి అదంతా కోసి తీయడానికి. తడిసిన చెక్కలోకి ఎపాక్సీ ఇంకదు, ఎందుకంటే అక్కడ ఇప్పటికే నీళ్ళున్నాయి. అలా ఎక్కించిన ఒక డెక్ పై పొర లేపి చూస్తే, ఒక్కో రంధ్రం చుట్టూ ఒక్కో గట్టి గుండ్రటి బిళ్ళ, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య అంతా పాత బురదే. పొడిగా ఉండి, పొర మాత్రమే ఊడిన చోట ఈ పద్ధతి కొంత పనిచేస్తుంది. తడిసినచోట పనిచేయదు. రంధ్రాలు వేసి వేసవంతా ఆరబెడతామనేవాళ్ళూ ఉన్నారు. ఆరినా కుళ్ళినది తిరిగి చెక్క కాదు.

సరైన పని శ్రమతో కూడినదే గానీ బ్రహ్మవిద్య కాదు. పై పొర మందానికి రంపం లోతు సరిచేసి, పాడైన మేర కోసి లేపాలి. తడి కోర్‌ను, అంచుల్లో బాగున్న చెక్క తగిలేదాకా తీసేయాలి. కింది పొరను గ్రైండ్ చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. కొత్త కోర్‌కు ముందు పలుచని ఎపాక్సీ పట్టించి, తర్వాత చిక్కటి ఎపాక్సీలో కూర్చి బరువులు పెట్టాలి. కింద గాలి బుడగ మిగలకూడదు. పై పొరను తిరిగి అతికించాక, అతుకు దగ్గర రెండువైపులా లామినేట్ మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేసి కొత్త గాజుగుడ్డ వేయాలి. మందం 3 మిల్లీమీటర్లయితే ఏటవాలు 36 మిల్లీమీటర్లు. చాలామంది పిసినారితనం చూపేది ఈ ఏటవాలు దగ్గరే. గ్రైండ్ చేసేటప్పుడు మంచి రెస్పిరేటర్ పెట్టుకోండి, ముక్కుకు కట్టిన గుడ్డ చాలదు.

మెత్తటి చోటు కనబడగానే పడవ పనైపోయిందని బెంగ పెట్టుకోకండి. పడవ ముందుభాగపు డెక్‌లో చేతి వెడల్పు మేర మెత్తబడితే, నీరు దిగే దారి మూసేసి ఒక సీజన్ ఆగవచ్చు. చెయిన్‌ప్లేట్ల (మాస్ట్‌ను నిలిపే తీగలు కట్టే లోహపు పట్టీలు) చుట్టూ, డెక్ మీద నిలిచే మాస్ట్ అడుగున మెత్తబడితే మాత్రం ఆగకండి. అక్కడ రిగ్గింగ్ (మాస్ట్, దాని తీగలు) భారమంతా ఉంటుంది.

మళ్ళీ రాకుండా చేయడానికి ఒకటే పద్ధతి. ఫిట్టింగ్ విప్పండి. రంధ్రాన్ని బోల్టు కన్నా బాగా వెడల్పు చేసి, కోర్‌ను కొంత తొలిచి, కింద టేపు వేసి చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకు సరిపడా డ్రిల్ చేసి, పైఅంచును కొద్దిగా చెక్కండి. బ్యూటైల్ టేప్ (బంకలా సాగే సీలెంట్ పట్టీ) పెట్టి బిగించండి. రేపు ఆ టేప్ పాడైనా నీరు తగిలేది ఎపాక్సీకే గానీ చెక్కకు కాదు. ఒక సెలవురోజు కూర్చుంటే కొన్ని స్టాంచియన్లు అయిపోతాయి. పాలీయురెథేన్ మాత్రం వాడకండి. అది సీలెంట్ రూపంలో ఉన్న జిగురు, తర్వాత విప్పబోతే పొరతో సహా ఊడివస్తుంది.

అపోహ: "ఆస్మాసిస్ బొబ్బలుంటే పడవ మునుగుతుంది."

జెల్‌కోట్ గుండా కొద్దిగా నీరు దిగి, లామినేట్‌లో కరిగే పదార్థాలతో కలిసి, పులుపు వాసన వేసే ద్రవమవుతుంది. అది ఇంకా నీటిని లాక్కుని ఉబ్బుతుంది. అక్కడక్కడా ఉన్నవాటిని పొడిచి, మంచినీళ్ళతో బాగా కడిగి, ఆరబెట్టి, ఎపాక్సీ పుట్టీ నింపితే చాలు. కంటికి రక్షణగా అద్దాలు పెట్టుకోండి, లోపలి ద్రవం ఒత్తిడితో చిమ్ముతుంది. అడుగంతా అడుగడుగునా లేచి, లామినేట్ పొరలే విడిపోతుంటే అది వేరే విషయం, కానీ అరుదు. బొబ్బలు లేపిన నీళ్ళకు మునిగిన పడవను నేను చూడలేదు. పాత హోసు ఊడిపోయి, మూతపడని సీకాక్ (హల్‌లోని నీటి రంధ్రానికి వేసే కవాటం) గుండా నీరు నిండిన పడవలను చూశాను. సీకాక్‌లు బ్రాంజ్‌వా, ఇత్తడివా అని ఎవరూ అడగరు. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, లోహం గులాబీ రంగుకు తిరిగి పెళుసవుతుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

"తేమ మీటర్ ఎర్ర గీత దాటింది, పడవ వద్దు." మీటర్ ఒకచోటికీ మరోచోటికీ తేడా చెబుతుంది, అంతే. నాచు పట్టకుండా అడుగుకు వేసే, రాగి ఉన్న యాంటీఫౌలింగ్ పెయింట్, గోడ వెనుక నీళ్ళ ట్యాంకు, లోపలి లోహపు పలక ఏదున్నా ముల్లు పైకి లేస్తుంది. సుత్తీ మీటరూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

"హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎపాక్సీ త్వరగా గట్టిపడుతుంది." పాలియెస్టర్ రెజిన్‌కు కలిపేది ఉత్ప్రేరకం, అది 1 నుంచి 2 శాతం మధ్య కొంత అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఎపాక్సీలో రెండూ రసాయనికంగా కలిసిపోవాలి. పాళ్ళు తప్పితే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. తొందరైతే ఫాస్ట్ హార్డెనర్ కొనండి.

"దేని మీద ఏదైనా అంటుకుంటుంది." పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ నమ్మకంగా పట్టదు. ఎపాక్సీ మీద తేలే మైనంలాంటి పొరను నీళ్ళతో రుద్ది కడిగాకే ఇసుకకాగితం పట్టండి. ముందే రుద్దితే దాన్ని లోపలికి పులిమినట్టే.

"యానోడ్‌కు కూడా పెయింట్ వేస్తే ఎక్కువకాలం ఉంటుంది." ఉంటుంది. కానీ యానోడ్ అంటే మిగతా లోహాల బదులు తాను కరిగిపోవడానికి పెట్టిన లోహపు ముక్క. పెయింట్ వేస్తే దాని బదులు మీ ప్రొపెల్లర్ కరిగిపోతుంది.

"స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు." గాలి తగిలినంతసేపు పట్టదు. తడిసి, గాలి ఆడకుండా మూసుకుపోయిన చోట దాని రక్షణ పొర చెదిరి లోపలినుంచి తినేస్తుంది. అలాంటి చోటు పడవలో ఎక్కడుంది? చెయిన్‌ప్లేట్ డెక్ గుండా దూరే ఆ కొద్దిపాటి మేరలో, తడిసిన కోర్ మధ్యలో. పైనా కిందా అద్దంలా మెరుస్తూ ఉంటుంది, నడుమ సన్నని పగుళ్ళు. ఆ మధ్యభాగం పైనుంచీ కనబడదు, కిందినుంచీ కనబడదు. కాబట్టి డెక్ పని పెట్టుకున్నప్పుడు వాటిని ఒక్కొక్కటిగా పూర్తిగా బయటికి లాగండి, ఒకటి తీసినప్పుడు మాస్ట్‌ను హాలియార్డ్‌తో (తెరచాపను పైకెత్తే తాడు) ఆపి ఉంచుకోండి. గోధుమరంగు చార కనబడ్డచోట డై పెనిట్రెంట్ (పగుళ్ళను బయటపెట్టే రంగు ద్రవం) పూసి చూడండి. పగులుంటే వెల్డింగ్ చేయించకుండా కొత్తది వేయండి.