మినీ ఇంప్లాంట్లు, దవడ ఎముక, పంటి కదలిక: అపోహలు - వాస్తవాలు

ఎత్తు పళ్లకు క్లిప్పులు వేసి ముందు పళ్లను వెనక్కి లాగినప్పుడు, ఆధారంగా నిలవాల్సిన దవడపళ్లు కూడా కొంత ముందుకు జరుగుతాయి. దీన్ని అరికట్టడానికి చిగురు మీదుగా ఎముకలోకి బిగించే చిన్న స్క్రూలే మినీ ఇంప్లాంట్లు. జపాన్‌కు చెందిన కనోమి 1997లో 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న స్క్రూతో ఈ పద్ధతిని వివరించిన తరువాత వీటి వాడకం ప్రపంచమంతటా పెరిగింది. స్క్రూ మీద ఇంత నమ్మకం పెట్టుకున్న మనం, అది నిలిచే ఎముక గురించీ, పంటి వేరు కదలాల్సిన ఎముక గురించీ అంతే శ్రద్ధగా ఆలోచించాలని నా అభిప్రాయం.

అపోహ: పోయిన పన్ను స్థానంలో పెట్టే ఇంప్లాంటు, ఇది ఒకటే.

వాస్తవం: కాదు. ఆ పెద్ద ఇంప్లాంటు ఎముకతో కలిసిపోవాలి, అందుకే సాధారణంగా కొన్ని నెలలు ఆగుతారు. మినీ ఇంప్లాంటు ప్రధానంగా ఎముక గట్టి పైపొరను పట్టుకుని నిలుస్తుంది కాబట్టి వెంటనే దాని ఆధారంగా పళ్లను లాగే తేలికపాటి బలం ఇవ్వవచ్చు, పని పూర్తయ్యాక విప్పి తీసేయవచ్చు.

అపోహ: కింది దవడ ఎముక గట్టిది, అందుచేత స్క్రూ అక్కడే బాగా నిలుస్తుంది.

వాస్తవం: ఈ అంచనా సహజమే గాని ఫలితాలు దానికి భిన్నంగా ఉన్నాయి. పైపొర కనీసం 1 మిల్లీమీటరు మందం ఉంటే పట్టు బాగుంటుందన్నది నిజం. పొడవాటి ముఖం ఉన్నవారిలో ఆ పొర పలుచగా ఉండటం కూడా తరచూ చూస్తాము. అయినా ప్రచురిత ఫలితాలను కలిపి చూస్తే పై దవడ కంటే కింది దవడలోనే స్క్రూలు ఎక్కువగా వదులవుతున్నాయి. దట్టమైన ఎముకలో బిగించేటప్పుడు వేడి పుడుతుంది, అవసరానికి మించిన ఒత్తిడితో తిప్పితే ఎముకలో సన్నని పగుళ్లు ఏర్పడతాయి, స్క్రూ చుట్టూ ఉన్న ఆ ఎముక తరువాత కరిగిపోవచ్చు. పైగా అక్కడ ఎముకకు అతుక్కుని ఉండే గట్టి చిగురు వెడల్పు తక్కువ. బుగ్గతో పాటు కదిలే మెత్తని పొరలో స్క్రూ తల పడితే వాపు వస్తుంది, నమిలే ఆహారం కూడా దానికి తగులుతూ ఉంటుంది. పై దవడలో రెండవ చిన్న దవడపన్నుకూ మొదటి పెద్ద దవడపన్నుకూ మధ్య స్థలాన్ని ఎక్కువమంది ఎంచుకోవడానికి కారణం, బుగ్గ వైపు నుంచి చూస్తే అక్కడ వేళ్ల మధ్య ఎడం సాధారణంగా అనుకూలంగా ఉండటమే.

అపోహ: స్క్రూ ఉంటే పళ్లను ఎంత దూరమైనా లాగవచ్చు.

వాస్తవం: రోగులకే కాదు, కొత్తగా వృత్తిలోకి వచ్చిన వైద్యులకూ ఉన్న ఈ అపోహే అన్నిటికంటే ప్రమాదకరమైనదని నేను భావిస్తాను. వేరు ఒత్తిడి పెట్టిన వైపు ఎముక కరిగి, వెనుక వైపు కొత్త ఎముక ఏర్పడటం వల్లనే పన్ను కదులుతుంది. రంధ్రాలతో కూడిన లోపలి ఎముకలో ఈ పని సాఫీగా సాగుతుంది. వేరు గట్టి పైపొరకు ఆనిన తరువాత కూడా లాగుతూ ఉంటే కదలిక మందగిస్తుంది, వేరు కొస అరగవచ్చు, ఎముక పలుచబడి వేరు బయటపడవచ్చు. పై ముందు పళ్లకు అంగిలి వైపు పొర, రెండు నడిమి పళ్ల వెనుక నరాలూ రక్తనాళాలూ వెళ్లే ఎముక కాలువ హద్దులవుతాయి. కింది ముందు పళ్ల దగ్గర, ముఖ్యంగా పొడవాటి ముఖం ఉన్నవారిలో, ముందూ వెనుకా ఎముక చాలా సన్నం. కింది దవడపళ్లను వెనక్కి జరిపేటప్పుడు మామూలు ఎక్స్-రేలో వెనుక చోటు కనిపించినా, వేరు స్థాయిలో నాలుక వైపు పైపొర ముందే అడ్డు తగలవచ్చు. అది ఎముకను త్రిమితీయంగా (3డీలో) చూపే సీబీసీటీ స్కాన్‌లోనే స్పష్టంగా తెలుస్తుంది. చిన్నతనంలోనే కింది మొదటి పెద్ద దవడపన్ను పుచ్చి తీయించుకున్నవారిలో ఆ ఖాళీ దగ్గర ఎముక కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి, దాన్ని మూయడానికి స్క్రూ ఉన్నా ఓపిక తప్పదు.

అపోహ: స్క్రూ అంగుళమైనా కదలదు, పళ్లు మాత్రం వేగంగా కదులుతాయి.

వాస్తవం: 2004లో తైవాన్ పరిశోధకులు 16 మందిని పరిశీలించగా ఏడుగురిలో బలం ఇచ్చిన తరువాత స్క్రూలు స్వల్పంగా జరిగాయి. అందుకే స్క్రూకూ వేరుకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచమని వారు సూచించారు. ఇక వేగం విషయానికి వస్తే, ఎముక మారే వేగమే పంటి వేగం. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు అనుకోవచ్చు, బలం పెంచితే అది పెరగదు.

అపోహ: స్క్రూ వదులైతే చికిత్స పాడైనట్లే.

వాస్తవం: 2012 నాటి ఒక సమగ్ర విశ్లేషణలో సుమారు 13.5 శాతం మినీ ఇంప్లాంట్లు విఫలమైనట్లు తేలింది. అంటే ఇది ముందే రోగికి చెప్పవలసిన విషయం. వదులైనట్లు అనిపిస్తే దాన్ని వేలితోనో నాలుకతోనో కదిలించకుండా వైద్యుడిని కలవాలి. పక్కన తగిన ఎముక ఉంటే అక్కడ వెంటనే బిగిస్తాము, లేకపోతే పాత చోటు మానేవరకు కొన్ని వారాలు ఆగుతాము.