ఐర్లండ్ నాటుమందులు: అపోహలు - వాస్తవాలు

ఔషధ మొక్కల్లోని రసాయనాల గురించి పాఠాలు చెప్పడం నా వృత్తి. ఐర్లండ్ పల్లెల నాటువైద్యం ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఇవన్నీ డ్రూయిడ్ల (ప్రాచీన ఐర్లండ్ పూజారుల) కాలం నుంచి గుట్టుగా వస్తున్న రహస్యాలు.

వాస్తవం: నేడు మనకు అందుబాటులో ఉన్న సమాచారంలో చాలా భాగం 1937-39 మధ్య ఐరిష్ జానపద కమిషన్ చేపట్టిన పథకం కింద, బడిపిల్లలు తమ ఇంటి పెద్దలనూ ఇరుగుపొరుగువారినీ అడిగి నోటుపుస్తకాల్లో రాసుకున్నదే. ఇంట్లో అందరికీ తెలిసిన చిట్కాను రహస్యమనడం అతిశయోక్తి.

అపోహ: నెటిల్ అనే ముట్టుకుంటే కుట్టే మొక్క తగిలి మంట పుడితే డాక్ అనే కలుపుమొక్క ఆకు రుద్దాలి, అందులోని క్షారం నెటిల్ ఎక్కించిన ఆమ్లాన్ని విరిచేస్తుంది.

వాస్తవం: డాక్ రసం క్షారం కాదు, పైగా అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. నెటిల్ నూగు చర్మంలోకి హిస్టమిన్, సెరటోనిన్ వంటి మంట పుట్టించే రసాయనాలను కూడా ఎక్కిస్తుంది కనుక, ఆమ్లాన్ని విరిచినంత మాత్రాన మంట తగ్గదు. తడి ఆకు చల్లదనానికి కాస్త హాయిగా అనిపిస్తే కాదనను.

అపోహ: ఆస్పిరిన్ మాత్రను మెడోస్వీట్ పూల నుంచే తీశారు.

వాస్తవం: మొక్క నుంచి వచ్చింది పేరు మాత్రమే. ఆ మొక్కకున్న స్పైరియా అనే పాత శాస్త్రీయ నామం ఆధారంగా 1899లో బేయర్ సంస్థ ఆ పేరు పెట్టింది. మందును మాత్రం ప్రయోగశాలలోనే తయారు చేశారు.

అపోహ: ఆకుమందే కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకులోని, గుండె మీద పనిచేసే డిజిటాలిస్ పదార్థాల ప్రభావాన్ని 1785లో విలియం వితరింగ్ అనే ఆంగ్లేయ వైద్యుడు వివరంగా గ్రంథస్థం చేశాడు. వాటిలో మందుగా పనిచేసే మోతాదుకూ గుండె లయను దెబ్బతీసే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ, పైగా ఏ ఆకులో ఎంత ఉందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే కాంఫ్రీ అనే మొక్క కూడా పూత రాకముందు, నేలను అంటి గుత్తిగా పెరిగే దశలో, చూడటానికి అచ్చం ఫాక్స్‌గ్లవ్ లాగే ఉంటుంది. కాంఫ్రీ అనుకొని ఫాక్స్‌గ్లవ్ కషాయం తాగి ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు. అంచును దగ్గరగా చూస్తే ఫాక్స్‌గ్లవ్ ఆకుకు సన్నని పళ్లు కనిపిస్తాయి, కాంఫ్రీ అంచు నున్నగా ఉండి ఆకు గరుకుగా తగులుతుంది. అయితే గుర్తుపట్టాం కదా అని కాంఫ్రీనీ తాగకూడదు, ఎందుకంటే అందులోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఇవి ఆకులో కంటే వేరులో ఎక్కువ. పైపూతగా వాడినా గాయం లేని చర్మం మీద, కొద్దిరోజులే వాడాలి.