అప్‌గ్రేడ్ అయ్యాక పడుకునే ముందు

చిరంజీవులకు,

మొన్న ఫోన్‌లో "డేటాబేస్ అప్‌గ్రేడ్ అయిపోయింది, ఇంక పడుకుంటాం" అన్నారు. అప్పట్నుంచీ నాకు మనసు కుదుటపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీరు వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వెర్షన్ మార్చే పనిముట్టు, పీజీ అప్‌గ్రేడ్, మీ డేటాను భద్రంగా కొత్త వెర్షన్‌కి చేరుస్తుంది. కానీ ఏ కాలమ్‌లో ఏ విలువలు ఎంత తరచుగా ఉన్నాయన్న లెక్కలు 17వ వెర్షన్ వరకు వెంట వచ్చేవి కావు. క్వెరీని, అంటే మనం డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని, ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్ దారి ఎంచుకునేది ఆ లెక్కలు చూసే. అవి లేకపోతే ఊహే దిక్కు.

ఒకసారి ఆ లెక్కలు కట్టకుండానే నేను డేటాబేస్‌ని జనానికి తెరిచాను. రోజూ రెప్పపాటులో వచ్చే క్వెరీ ఎంతకీ తిరిగి రాలేదు. ఓపిక పట్టి, క్వెరీని నడిపి అంచనాలనూ అసలు సంఖ్యలనూ పక్కపక్కన చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చూస్తే, ఒక చోట అంచనా 1 వరుస, నిజంగా వచ్చినవి 40 లక్షలు! ఒక్కటే కదా అని ప్లానర్ నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకీ రెండో టేబుల్‌లో వెతికే పద్ధతి) పట్టుకుంది. దాంతో పక్క టేబుల్‌ని 40 లక్షల సార్లు తడుముతూ కూర్చుంది. ఆ లెక్కలు కట్టే ఎనలైజ్ కమాండ్ నడిపాక అదే క్వెరీ, పెద్ద టేబుళ్లను ఒక్క ఊపులో కలిపే హాష్ జాయిన్‌కి మారి, ఎప్పటిలా వచ్చేసింది.

కాబట్టి ముందు పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే వాక్యూమ్‌డీబీ అనే పనిముట్టుని 'ఎనలైజ్ ఇన్ స్టేజెస్'తో నడపండి. లెక్కలు ఎంత వివరంగా కట్టాలో చెప్పే టార్గెట్ 1తో ఒకసారి, 10తో ఒకసారి, చివరికి మామూలు 100తో మూడు విడతలుగా సాగుతుంది. మొదటి విడతకే పని జరిగేపాటి లెక్కలు వస్తాయి. టేబుల్ ఎంత పెద్దదైనా భయం వద్దు, టార్గెట్ 100కి చూసేది 30,000 వరుసల నమూనానే. 2025లో వచ్చిన 18వ వెర్షన్ చాలా లెక్కల్ని వెంట తెస్తుంది గానీ, క్రియేట్ స్టాటిస్టిక్స్ కమాండ్‌తో మీరు అదనంగా పెట్టుకున్న లెక్కల్ని తేదు.

చచ్చుబడిన (మార్చేసిన, తీసేసిన) వరుసల్ని తనంతట తాను ఊడ్చే ఆటోవాక్యూమ్ చూసుకునే లెక్కలూ సున్నా నుంచి మొదలవుతాయి. మామూలు సెట్టింగ్ 20 శాతం కదా, 100 కోట్ల వరుసల టేబుల్‌లో 17వ వెర్షన్ వరకు 20 కోట్లు, 18లో 10 కోట్లు చచ్చుబడే దాకా అది కదలదు. పెద్ద టేబుళ్లకు ఆ శాతం విడిగా తగ్గించండి.

నాకు అన్నిటికన్నా భయం, వరుసల్ని త్వరగా వెతకడానికి క్రమంలో పేర్చి పెట్టే ఇండెక్సుల గురించే. అప్‌గ్రేడ్‌తో పాటు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మార్చారా? లినక్స్‌లో అక్షరక్రమం చూసుకునే జీలిబ్‌సీ లైబ్రరీ, 2.28 వెర్షన్‌లో ఆ క్రమాన్ని మార్చేసింది. పాత క్రమంలో పేర్చిన ఇండెక్స్‌లో కొత్త క్రమంతో వెతికితే, ఉన్న వరుస లేదంటుంది. యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) అన్న చోట ఒకే పేరు రెండుసార్లు దూరిపోతుంది. ఎర్రర్ రాదు. టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్సులన్నిటినీ డేటాబేస్‌ని జనానికి తెరవకముందే రీఇండెక్స్ చేయండి, అంటే మళ్లీ కట్టండి.

పోస్ట్‌గ్రెస్‌కి అదనంగా తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లను కూడా అప్‌డేట్ చేయడం మరవకండి. డేటా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసిన పాత బ్యాకప్‌లు కొత్త వెర్షన్ మీద లేవవు. కొత్తగా పూర్తి బ్యాకప్ తీసి, వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి చూశాకే పాత వెర్షన్ డైరెక్టరీని తీసేసే జోలికి వెళ్లండి.

ఈసారి ఎంత రాత్రయినా ఫోన్ చేయండి. ప్లాన్లు కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య