పాత స్పీకర్లు పారేయకండి: ఇంట్లో వైర్‌లెస్ మ్యూజిక్ గురించి అపోహలు, వాస్తవాలు

ఇళ్లలో ఆడియో సిస్టమ్‌లు బిగించడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "పాత ఆంప్లిఫయర్, స్పీకర్లు తీసేస్తున్నామండీ. ఇప్పుడంతా వైర్‌లెస్సే కదా, మంచి వైఫై స్పీకర్ ఏదైనా చెప్పండి." ముందు నేను అడిగేది, ఆ పాతవి ఇంకా ఇంట్లోనే ఉన్నాయా అని. ఉన్నాయంటే ప్రాణం లేచొస్తుంది. నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటే ఇక చెప్పడానికేమీ ఉండదు.

అపోహ: పాత సెట్‌కి స్ట్రీమింగ్ రాదు, మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ అనో, సీడీ అనో, ట్యూనర్ అనో రాసి ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్ల జత ఒక్కటి ఖాళీగా ఉంటే చాలు. నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే, అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఉంటుంది, దాన్నే స్ట్రీమర్ అంటారు. అది తెచ్చి, ఆర్‌సీఏ కేబుల్‌తో అక్కడ గుచ్చి, వైఫైకి కలపండి. అంతే. పాట టేపులోంచి వచ్చిందా, నెట్‌లోంచి వచ్చిందా అన్నది ఆంప్లిఫయర్‌కి తెలియదు, దానికి అనవసరం కూడా. చాలా స్ట్రీమర్లలో డాక్ (డిజిటల్ పాటను ఆంప్లిఫయర్ తీసుకునే అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది) లోపలే ఉంటుంది. డిజిటల్ అవుట్ మాత్రమే ఇచ్చేవీ కొన్ని ఉన్నాయి, వాటికి డాక్ విడిగా కొనాలి. అందుకే కొనేముందు ముందువైపు ఫొటో కాదు, వెనకవైపు ఫొటో చూడండి.

ఫోనో అని రాసి ఉన్న సాకెట్ జోలికి మాత్రం పోకండి. అది రికార్డ్ ప్లేయర్ కోసం. సూది నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి ఆంప్లిఫయర్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, బేస్‌ని ఇంకా ఎత్తుతుంది. స్ట్రీమర్ ఇచ్చేది దాదాపు 2 వోల్టులు. దాన్ని తెచ్చి అక్కడ పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒక పెద్దాయన ఇంట్లో అదే జరిగింది. "ఈ స్పీకర్లు పోయాయి బాబూ, గొంతులన్నీ బొంగురుగా వస్తున్నాయి" అని కొత్త జత ఆర్డర్ కూడా పెట్టేశారు. టార్చి వేసి ఆంప్లిఫయర్ వెనక చూస్తే రెండు పిన్నులూ ఫోనోలో ఉన్నాయి. తీసి పక్కనున్న ట్యూనర్‌లో పెట్టాను, పాట శుభ్రంగా వచ్చింది. "స్పీకర్లు బాగానే ఉన్నాయని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానండీ" అన్నారు ఆయన భార్య, నాతో కాదు, ఆయనతో. ఆర్డర్ క్యాన్సిల్ అయింది.

దీని మీద ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, స్పీకర్ వయసు వేరు, స్ట్రీమర్ వయసు వేరు. మంచి స్పీకర్ దశాబ్దాలు పాడుతుంది. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పొడిగా రాలిపోతే దాన్ని కూడా మార్పించుకోవచ్చు, రబ్బరైతే ఆ బాధ కూడా తక్కువ. స్ట్రీమర్ అలా కాదు, అదొక చిన్న కంప్యూటర్. కంపెనీ అప్‌డేట్లు ఇచ్చినంత కాలమే దాని కళ. 2015లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న స్ట్రీమర్ తయారీని గూగుల్ 2019 జనవరిలో ఆపేసింది. ఉన్నవి బానే పనిచేస్తున్నాయి అనుకుంటుండగా, 2025 మార్చిలో లోపలి సర్టిఫికెట్ గడువు తీరి ఒక్కసారిగా మొరాయించాయి. కొన్ని రోజులకు గూగుల్ సరిచేసిందనుకోండి. వైర్‌లెస్ స్పీకర్లు తయారుచేసే సోనోస్ కూడా తన పాత మోడళ్లకు కొత్త అప్‌డేట్లు ఉండవని 2020 జనవరిలో ప్రకటించి కస్టమర్ల చేత బాగా తిట్లు తింది.

స్ట్రీమర్ విడిగా ఉంటే ఆ చిన్న డబ్బా ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటే, సాఫ్ట్‌వేర్ ముసలిదైన రోజున నిక్షేపంలాంటి స్పీకర్ కూడా దాంతోపాటే మూలన పడుతుంది. ఇంట్లో అసలు సెట్టే లేనివాళ్లు, వంటింట్లోకి చిన్నది చాలనుకునేవాళ్లు వైఫై స్పీకర్ నిక్షేపంగా కొనుక్కోండి. లైన్ ఇన్ (వైరుతో బయటి నుంచి పాట ఇచ్చే సాకెట్) ఉన్నది చూసుకుంటే రేపు యాప్ చచ్చిపోయినా స్పీకర్ బతుకుతుంది.

ఇక మిగతావి గబగబా.

బ్లూటూత్, వైఫై రెండూ ఒకటే అంటారు. కాదు. బ్లూటూత్‌లో పాట మీ ఫోన్‌లోంచి వెళ్తుంది, ఫోన్ పట్టుకుని దూరంగా పోతే ఆగిపోతుంది. వైఫై మీద నడిచే స్పాటిఫై కనెక్ట్, గూగుల్ కాస్ట్ లాంటి వాటిలో ఫోన్ రిమోట్ మాత్రమే, స్ట్రీమరే నేరుగా నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది. ఫోన్ ఆపేసినా పాట ఆగదు. ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లే చేస్తే మాత్రం సాధారణంగా ఫోన్ మీదుగానే వెళ్తుంది.

పాట ఆగి ఆగి వస్తుంటే నెట్ ప్లాన్ పెంచేస్తారు. సీడీ క్వాలిటీ పాటకి, అసలేమీ కుదించకపోయినా, 1.4 ఎంబీపీఎస్ చాలు. మీ ప్లాన్ అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. తంటా అంతా రౌటర్‌కీ స్ట్రీమర్‌కీ మధ్యే. స్ట్రీమర్‌ని టీవీ వెనక ఇరికించకుండా కాస్త బయటికి తీయండి, కుదిరితే లాన్ కేబుల్ వేయండి. వైర్‌లెస్ కొనుక్కుని వైరు వేయడమేంటి అంటారు గానీ, పాట ఆగదు.

హై-రెస్ (సీడీని మించిన క్వాలిటీ ఆడియో) లేకపోతే దండగ అన్న ప్రచారం గురించి నాకు ఓపిక లేదు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద ఎంత పెద్దగా రాసినా, స్పీకర్లు గోడ మూలలో, సోఫా వెనక ఉంటే ఒరిగేదేమీ లేదు. ముందు వాటిని ముందుకు జరపండి.

మైకు ఉంటే మన మాటలన్నీ వింటుందేమో అని భయపడేవాళ్లను చూసి నవ్వను, ఆ భయం సహజం. మైకే లేని స్ట్రీమర్లు బోలెడున్నాయి, అవే కొనండి, టెన్షన్ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లకి యాప్‌తో కుస్తీ ఎందుకనుకుంటే ప్రీసెట్ బటన్లున్నది చూడండి. ఒక్క నొక్కుతో వాళ్ల స్టేషన్ వస్తుంది.

"ఇంతకీ ఏ మోడల్ కొనాలి?" అని చివర్లో అడుగుతారు. ఇంట్లో ఎవరెవరు ఏ యాప్‌లో పాటలు వింటారో ముందు అది కాగితం మీద రాసి పెట్టండి. ఆ యాప్‌లన్నీ పలికే స్ట్రీమర్లు వెతికితే లిస్టులో రెండో మూడో మిగులుతాయి. వాటిలో తేలిగ్గా వాపసు తీసుకునే చోట దొరికేది కొనండి.