పిప్పితో శబ్దాన్ని పీల్చే పలకలు

ఖాళీ గదిలో చప్పట్లు కొడితే వెనకాలే గణగణమంటుంది. గట్టి గోడలు శబ్దాన్ని అటూ ఇటూ తిప్పికొట్టడమే కారణం. ఆ గణగణను తగ్గించే పలకల్ని కాఫీ పిప్పి, చెరకు పిప్పితో చేసుకోవచ్చు. వీటి పని అంతవరకే. పక్కింటి టీవీ మోతను ఆపాలంటే బరువైన, సందులేని గోడ కావాలి. గాలి చొరబడే తేలిక పలకకు అది సాధ్యం కాదు.

శబ్దమంటే గాలి ముందుకూ వెనక్కూ ఊగడం. పలక సందుల్లో ఊగే గాలి పోగులకు రాసుకుంటుంది, ఆ రాపిడిలో శబ్దశక్తి కొద్దిపాటి వేడిగా మారుతుంది. కాబట్టి ఏ వ్యర్థంతో చేశామన్నది రెండో మాట. సందులు ఒకదానితో ఒకటి కలిసి, పైకి తెరుచుకుని ఉండాలి. పలకకు తగినంత మందమూ ఉండాలి. గోడకు అంటించే గుడ్ల అట్టలు పెద్దగా పనిచేయనిది మందం లేకనే.

కాఫీ పిప్పి ఒక్కటే వాడితే సన్నని నలుసులు ఒత్తుగా పేరుకుని సందులు పూడిపోతాయి. చెరకు పోగులు వాటిని ఎడంగా నిలబెడతాయి. 1920లలోనే అమెరికాలో సెలోటెక్స్ అనే కంపెనీ చెరకు పిప్పి పలకలు అమ్మింది. రంగు వేసినా శబ్దం లోపలికి వెళ్లేలా వాటికి వరుసగా రంధ్రాలు తొలిచేవారు.

30 సెం.మీ. చదరం, 5 సెం.మీ. మందం ఉన్న పలకకు ఎండిన చెరకు పోగులు 350 గ్రాములు, ఎండిన కాఫీ పిప్పి 250 గ్రాములు, మొక్కజొన్న పిండి (తెల్లటి కార్న్‌ఫ్లోర్) 90 గ్రాములు, నీళ్లు 900 మి.లీ. తీసుకోండి. చెరకు పిప్పిని 1–3 సెం.మీ. ముక్కలు చేసి, 20 నిమిషాలు ఉడికించి, రెండుసార్లు కడిగాకే ఎండబెట్టాలి. తీపి మిగిలిందంటే బూజు తప్పదు. పిండిని చన్నీళ్లలో కలిపి, చిక్కబడి నిగనిగలాడేదాకా కలుపుతూ కాచి, చల్లారాక అన్నీ చేత్తో కలపండి. గుప్పెడు తీసి పిండితే ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి గంజి కారకూడదు. కారే గంజి అడుగుకు దిగి, ఎండాక పొరకట్టి సందుల్ని మూసేస్తుంది.

అడుగున జల్లెడలాంటి వల ఉన్న అచ్చులో పోసి, తేలిగ్గా అదమండి. దట్టించవద్దు. ఫ్యాన్ గాలికి పెట్టి రోజుకు రెండుసార్లు తిప్పాలి. పైన ఎండినట్టున్నా మధ్యలో తడి ఉంటుంది, బూజు అక్కడే మొదలవుతుంది. ముక్కిపోయిన వాసన వస్తే ఆ పలక పనికిరాదు. 12 గంటల తేడాతో తూచిన రెండు బరువులూ ఒకటైతేనే ఎండినట్టు. సుమారు 700 గ్రాములు తూగాలి.

ఇప్పుడు పలకకు నోరు ఆనించి ఊదండి. కాస్త అడ్డుకుంటూ ఊపిరి అవతలికి పోతే బాగా కుదిరినట్టే. అసలు పోకపోతే గంజి ఎక్కువైంది, లేదా గట్టిగా అదిమారు. అడ్డే తెలియకపోతే, ఈసారి అదే అచ్చులో మిశ్రమం కాస్త ఎక్కువ నింపాలి.

గోడకు అతికించేయకండి. గోడను ఆనుకున్న చోట గాలి దాదాపు కదలదు, కదలిక లేనిచోట రాపిడీ ఉండదు. గాలి ఎక్కువగా ఊగేది గోడ నుంచి తరంగదైర్ఘ్యంలో (ఒక్క ఊపు పూర్తయ్యేలోగా శబ్దం సాగే దూరంలో) నాలుగో వంతు దూరంలో. 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి ఊపుల) శబ్దానికి అది దాదాపు 8.5 సెం.మీ., హెర్ట్జ్ తగ్గేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. అందుకే పలకకూ గోడకూ మధ్య 5 సెం.మీ. చెక్కపట్టీలు పెడితే, అదే పలక ఇంకా మంద్రమైన (తక్కువ హెర్ట్జ్) శబ్దాల్నీ పీలుస్తుంది. రంగు పూయకుండా, ఊదితే గాలి పోయే పలచని గుడ్డ కప్పండి. ఎండిన పిప్పి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యికీ, వేడెక్కే దీపాలకూ దూరంగా, చెమ్మలేని గోడకే బిగించాలి.