స్కూబా ప్రమాద బాధితుల తరలింపు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి పుదుచ్చేరికో అండమాన్‌కో వెళ్లి సరదాగా స్కూబా డైవింగ్ (వీపున సిలిండర్‌తో నీటి అడుగున ఈత) చేసి వచ్చి జబ్బుపడినవారిని, అత్యవసర విభాగపు వైద్యుడిగా నేను అప్పుడప్పుడు చూస్తుంటాను. వారిని సరైన చోటికి చేర్చే దారిలో జరిగే పొరపాట్లు నన్ను ఎక్కువగా బాధిస్తాయి. అందుకే ఈ వివరణ.

అపోహ: డైవర్ వీపున ఉన్నది ఆక్సిజన్ సిలిండరే కనుక ప్రమాదం జరిగితే అదే పీల్పించవచ్చు.

వాస్తవం: అందులో సాధారణంగా ఉండేది పీడనంతో నింపిన మామూలు గాలి. దానిలో దాదాపు 78 శాతం నైట్రోజనే. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతూ ఉంటే ఆ నైట్రోజన్ రక్తంలోనూ కణజాలాల్లోనూ కరుగుతుంది. వేగంగా పైకి వస్తే, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్లు, అది బుడగలుగా మారి నొప్పి, తిమ్మిరి తెస్తుంది; దీన్నే డికంప్రెషన్ జబ్బు అంటాము. కాబట్టి బాధితుడికి కావలసింది వైద్య ఆక్సిజన్.

అపోహ: వేలికి పెట్టిన పరికరం రక్తంలో ఆక్సిజన్ 99 శాతం చూపుతోంది కనుక ఆక్సిజన్ అవసరం లేదు.

వాస్తవం: ఈ మాట అంబులెన్సు సిబ్బంది నోటనే విన్నాను. ఒకసారి దారి మధ్యలో మాస్కు తీసేసి తీసుకొచ్చిన యువకుడికి, బయలుదేరేటప్పుడు మోకాలి నొప్పిగా ఉన్నది, మా దగ్గరకు చేరేసరికి కాలి తిమ్మిరిగా మారింది. ఇక్కడ ఆక్సిజన్ ఇచ్చేది రక్తంలో దాని శాతం పెంచడానికి కాదు, ఒంట్లోని నైట్రోజన్‌ను ఊపిరితిత్తుల ద్వారా బయటికి పంపడానికి. అందుకే సంచి ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల చొప్పున, దారి పొడవునా ఇవ్వాలి. ముక్కులో పెట్టే సన్నని గొట్టం చాలదు. 1,500 లీటర్ల బి టైప్ సిలిండర్ ఈ లెక్కన 100 నిమిషాలకు ఖాళీ అవుతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్ల ప్రయాణం కనుక అదనపు సిలిండర్లు ఎక్కించుకోకుండా కదలకూడదు. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా ప్రయాణం ఆపకూడదు.

అపోహ: ఎంత పెద్ద నగరానికి, ఎంత త్వరగా తీసుకెళితే అంత మంచిది.

వాస్తవం: ఎత్తుకు వెళితే గాలి పీడనం తగ్గి బుడగలు ఇంకా పెరుగుతాయి. బంధువులు బెంగళూరు అంటారు. కానీ చిత్తూరు దాటాక రోడ్డు పైకి ఎక్కుతూ పోయి, ఆ నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. చెన్నై దారి మైదానమే. హెలికాప్టర్ తప్పనిసరైతే వీలైనంత వరకు 300 మీటర్ల లోపు ఎత్తులోనే ఎగరాలి. పుదుచ్చేరిలో డైవింగ్ చేసి, తిరుగు ప్రయాణంలో అదే రోజు తిరుమల దర్శనం పెట్టుకునేవారికి కూడా ఇదే చెబుతున్నాను: కొండ ఎత్తు 800 మీటర్ల పైమాటే. ఆరోగ్యంగా ఉన్నవారికి సైతం ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, పలుమార్లు చేస్తే కనీసం 18 గంటలు ఆగిన తర్వాతే విమానం ఎక్కమని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచిస్తుంది.

అపోహ: తల కిందికి, కాళ్లు పైకి ఉంచాలి.

వాస్తవం: ఇది పాత సలహా. ఇప్పుడు వెల్లకిలా సమంగా పడుకోబెడతాము. స్పృహ లేకుంటే పక్కకు తిప్పుతాము.

అపోహ: పీడన గది (ఎక్కువ గాలి పీడనంలో ఉంచి ఆక్సిజన్ పీల్పించే గది) ఉన్న ఆసుపత్రికి వెళితే చాలు.

వాస్తవం: కొన్ని చోట్ల ఆ గదిని మానని పుండ్ల చికిత్సకే వాడతారు. డైవర్లకు 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స దాదాపు ఐదు గంటలు సాగుతుంది. ఆ ఏర్పాటు, ఆ అనుభవం, ఆ రాత్రి సిబ్బంది ఉన్నారా అని ఫోన్‌లో తెలుసుకున్నాకే బయలుదేరాలి. ఒడ్డున ఉంటే 108కి, పడవలో ఉంటే తీర రక్షక దళం వారి 1554కి ముందుగా కబురు చేయాలి.

అపోహ: ఒడ్డుకు వచ్చాక బాగానే ఉన్నాడు కనుక ఇవి ఈతకు వచ్చిన ఒళ్లు నొప్పులే.

వాస్తవం: లక్షణాలు చాలామందిలో ఆరు గంటల్లోపే కనిపించినా, మరుసటి రోజు మొదలైనవారూ ఉన్నారు. బామ్ రాసి, నొప్పి సూది వేయించి పడుకోబెడితే విలువైన సమయం పోతుంది. దిగిన లోతును, సమయాన్ని నమోదు చేసే డైవ్ కంప్యూటర్‌ను బాధితుడితోనే పంపండి. అదే లోతుకు అతడితో దిగిన జతగాడికి నొప్పి లేకపోయినా అతడినీ వెంట తీసుకురండి, అతడినీ పరీక్షించాలి.