బడ్జెట్ తక్కువ, జబ్బులు ఎక్కువ: ప్రజారోగ్య ప్రాధాన్యాలపై అపోహలు - వాస్తవాలు

నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్‌ని. కొన్నేళ్లు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పనిచేసి, తర్వాత జిల్లా ప్రణాళికల వైపు వచ్చాను. పెళ్లిళ్లలో ఎవరైనా "మీరు దేనికి డాక్టరండీ?" అని అడిగితే నాకు టెన్షన్ మొదలవుతుంది. ప్రజారోగ్యం అంటే "దోమల మందు కొట్టిస్తారా?" అంటారు. ఉన్న డబ్బుతో ఏ వైద్యసేవ ముందు అందించాలో లెక్క వేస్తామని చెబితే ఇంకాస్త అనుమానంగా చూస్తారు. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ విన్న మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "డబ్బు లేదండీ. డబ్బుంటే అన్నీ అవే బాగుపడతాయి."

డబ్బు తక్కువన్నది నిజమే. 2001లో ఆఫ్రికా దేశాధినేతలు నైజీరియాలోని అబుజాలో సమావేశమై, బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని మాటిచ్చారు. చాలా దేశాలు ఆ గీత దగ్గరికి కూడా రాలేదు. మనమూ 2017 జాతీయ ఆరోగ్య విధానంలో, 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం అని రాసుకున్నాం. అదీ అందలేదు. కాబట్టి అడగడం మానకూడదు. కానీ చేతిలో ఉన్న డబ్బు ఎటు పోతోందో కూడా చూడాలి కదా.

టాంజానియాలో మొరొగోరో, రుఫీజీ అని రెండు జిల్లాలున్నాయి. 1990ల చివర్లో అక్కడొక ప్రయోగం చేశారు. చాలామంది ఇంట్లోనే కన్నుమూస్తారు, వాళ్ల పేర్లు ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కవు. అందుకని ఇంటింటికీ మనుషుల్ని పంపించారు. ఎవరు పోయారు, పోయే ముందు జ్వరమా, ఆయాసమా, విరేచనాలా అని అడిగి రాయించారు. ఆ లెక్కను జిల్లా ఆరోగ్య బడ్జెట్ పక్కన పెట్టి చూశారు. మొరొగోరోలో అకాల మరణాల వల్ల జనం పోగొట్టుకుంటున్న జీవితకాలంలో దాదాపు 30 శాతం మలేరియా ఖాతాలోదే. 1996 బడ్జెట్‌లో మలేరియాకు దక్కింది మాత్రం 5 శాతం.

ఇది ఎవరో కావాలని చేసింది కాదు. నిరుటి బడ్జెట్ కాగితం తీసి, అంకెలు అక్కడక్కడా కాస్త పెంచి, సంతకం పెట్టి పైకి పంపడం మా శాఖల్లో మామూలే. అలాంటి సంతకాలు నేనూ పెట్టాను.

ఆ రెండు జిల్లాల అధికారులకు బొమ్మల రూపంలో లెక్కలు చూపించారు. మీ దగ్గర మనుషులు దేనితో పోతున్నారు, మీ డబ్బు దేనికి పోతోంది అన్నది ఒక్క చూపులో తెలిసేలా. దోమతెరలకు, పిల్లల జ్వరం, దగ్గు, విరేచనాలు, పోషణ అన్నీ కలిపి చూసే చికిత్సా పద్ధతికి నిధులు మళ్లాయి. అదనంగా ఇచ్చింది మనిషికి ఏడాదికి ఒక డాలర్ లోపే. ఐదేళ్లు తిరిగేసరికి అక్కడ పిల్లల మరణాలు 40 శాతానికి పైగా తగ్గాయి. ఇంత తగ్గుదలకు బడ్జెట్ ఒక్కటే కారణమని నేను ఒట్టేసి చెప్పను, ఊళ్లలో ఒకేసారి నాలుగు మార్పులు జరుగుతుంటాయి. అయినా ఎవరైనా నన్ను "లెక్కలతో ఏమొస్తుంది?" అని అడిగితే ముందు ఈ రెండు జిల్లాల పేర్లే చెబుతాను.

అపోహ: "చౌక వైద్యమంటే పేదలకు పడేసే నాసిరకం వైద్యం."

పీహెచ్‌సీలో ఉన్నప్పుడు రోజూ ఎదురయ్యేదే ఇది. విరేచనాలతో బిడ్డను తెస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఇచ్చి ఎలా వాడాలో చెబుతాను. తల్లి వెళ్లదు. "ఒక సెలైన్ ఎక్కించండి సార్, నీరసంగా ఉన్నాడు." నేను కాదంటే బయట ఆర్ఎంపీ దగ్గర బాటిల్ పెట్టించుకుని ఇంటికెళుతుంది. ఆమెను తప్పుపట్టలేను. సూది గుచ్చితేనే వైద్యం అని మేమే కదా నేర్పింది!

1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ బాటిళ్లు అయిపోవచ్చాయి. ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా సరైన పాళ్లలో నీళ్లలో కలిపి, రోగుల పక్కనున్న బంధువుల చేతే తాగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, కన్నుమూసిన మరుసటేడు.

తర్వాతి కథ నాకు ఇంకా ఇష్టం. 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు బంగ్లాదేశ్‌లో ఇల్లిల్లూ తిరిగారు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఎలా కలపాలో కోటీ ఇరవై లక్షల ఇళ్లలో తల్లులకు నేర్పారు. కార్యకర్తలకు జీతం ఎలా ఇచ్చేవారంటే, కొన్నాళ్లకు వేరేవాళ్లు వెళ్లి కొందరు తల్లుల్ని ఎంపిక చేసుకుని ప్రశ్నలడిగేవారు. తల్లికి ఎన్ని విషయాలు గుర్తుంటే నేర్పినామెకు అంత డబ్బు. మన శిక్షణ కార్యక్రమాల్లో హాజరు పట్టీ మీద సంతకం, మధ్యాహ్నం భోజనం లెక్క ఉంటాయి. విన్నవాళ్లకు ఏం గుర్తుందో అడిగే పద్ధతి మాత్రం అరుదు.

చౌకదైతే దానికో ఇబ్బంది కూడా ఉంది. దాన్ని కాపాడేవాళ్లు తక్కువ, దాని పేరు మీద వ్యాపారం చేసేవాళ్లు ఎక్కువ. చక్కెర దండిగా ఉన్న జ్యూస్ డబ్బాలు ఓఆర్ఎస్ పేరుతో మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాల బిడ్డకు అవి పడితే నీళ్ల విరేచనం ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. మీరు కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి, గ్లాసు నీళ్లు అని కొలత మార్చొద్దు.

అపోహ: "ఉచితంగా ఇస్తే విలువుండదు, కాస్తయినా డబ్బు పెట్టించాలి."

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారని జోకు ఉంది కదా. మీటింగుల్లో పెద్ద అధికారులు కూడా ఇదే మాటను ఇంకాస్త పద్ధతిగా అంటారు. కెన్యాలో దీన్ని సూటిగా పరీక్షించి చూశారు. గర్భిణులకు దోమతెరలు కొన్ని క్లినిక్‌లలో ఉచితంగా, కొన్నింట్లో తలా ఒక ధరకు ఇచ్చారు. ధర సున్నా నుంచి 40 షిల్లింగులకు, అంటే దాదాపు 60 అమెరికన్ సెంట్లకు వెళ్లేసరికి, తీసుకునేవాళ్లు నూటికి అరవైమంది చొప్పున తగ్గిపోయారు. పోనీ, కొన్నవాళ్లయినా జాగ్రత్తగా వాడారా? ఉచితంగా తీసుకున్నవాళ్లకంటే ఎక్కువేమీ కట్టుకోలేదు.

ప్రతిదీ ఉచితంగా ఇవ్వాలని దీనర్థం కాదు. దోమతెర, టీకా లాంటివి పక్కింటివాళ్లకూ మేలు చేస్తాయి. వాటి మీద ధర పెట్టడం మనకు మనమే నష్టం చేసుకోవడం.

అపోహ: "ఖర్చు లెక్కలన్నీ చికిత్స ఎగ్గొట్టడానికే."

ఈ అనుమానం అర్థం చేసుకోదగ్గదే. ఇన్సూరెన్స్ కంపెనీతో ఒకసారైనా తగువు పడ్డవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రభుత్వం లెక్క వేస్తే ఎలా ఉంటుందో థాయ్‌లాండ్‌లో చూడొచ్చు. 2002 నాటికి వాళ్లు దేశమంతా ఆరోగ్య రక్షణ తెచ్చారు. ఏది ఇవ్వాలో, ఏ ధరకు ఇవ్వాలో తేల్చడానికి 2007లో హైటాప్ అనే సంస్థ పెట్టుకున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా వచ్చిన కొత్తలో, ఆ ధరకు గిట్టుబాటు కాదని హైటాప్ చెప్పింది. ప్రభుత్వం ఆగింది. ధర దిగింది. 2017లో ఐదో తరగతి ఆడపిల్లలందరికీ దేశవ్యాప్తంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో గడిచిన ఏళ్లలో టీకా అందని అమ్మాయిల సంగతేంటని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. దానికి నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు.

అదే థాయ్‌లాండ్‌లో డయాలసిస్ విషయంలో లెక్క ఒకటి చెప్పింది, నిర్ణయం ఇంకోటి జరిగింది. ఎలా లెక్కేసినా ఖర్చుకు తగ్గ ఫలితం లేదని తేలింది. కానీ ఒకరికి కిడ్నీలు పాడైతే ఆ కుటుంబం పొలం, బంగారం, ఇల్లు వరసగా అమ్ముకుంటుంది. అది చూసి 2008లో డయాలసిస్‌ను ప్రభుత్వమే ఇవ్వాలని నిర్ణయించారు. పొట్టలోకి ద్రవం పంపి ఇంట్లోనే చేసుకునే పద్ధతిని ముందు పెట్టారు. ఊళ్లలో ఉండేవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి ప్రయాణం తప్పుతుందని. శ్రీకాకుళం ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు బస్సుల్లో డయాలసిస్‌కు వెళ్లొచ్చేవాళ్లను చూసినవారికి ఆ ప్రయాణం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. అక్కడ కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. చికిత్సకు పెట్టే ప్రతి పది రూపాయలకూ కారణం వెతకడానికి ఎంత పెట్టాలన్నది లెక్క ఒక్కటే చెప్పలేదు, మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. మనకూ 2017 నుంచి ఢిల్లీలో ఇలాంటి లెక్కలు వేసే హెచ్‌టీఏ (హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్) వ్యవస్థ ఉంది. దాని మాట జిల్లాల దాకా రావాల్సి ఉంది.

అపోహ: "పెద్దాసుపత్రి కడితే ప్రాణాలు నిలుస్తాయి."

కొన్ని నిలుస్తాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్ని కుటుంబాలను అప్పుల్లోంచి కాపాడిందో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. అయితే పుట్టిన వారంలోపు చల్లబడిపోయే బిడ్డ ఆ ఆసుపత్రి దాకా రాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే బిడ్డ బరువు చూడడం, వెచ్చగా ఉంచడం, ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తించి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు, పక్కనే పోల్చి చూసిన ఊళ్లకంటే 62 శాతం తగ్గాయి. ఇవాళ మన ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూకం వేస్తుందంటే దాని మూలం అక్కడే ఉంది. ఆమెను "ఎందుకమ్మా ఊరికే వస్తావు?" అని గుమ్మంలోంచే పంపేవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: "పేద దేశాలకు అంటువ్యాధులే సమస్య, బీపీ షుగర్ డబ్బున్నోళ్లవి."

ఉపాధి హామీ పనికి వెళ్లే ఏ ఊళ్లోనైనా బీపీ మిషన్ పట్టుకుని కూర్చోండి, గంటలో తెలిసిపోతుంది. 2017లో దేశంలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో గొప్ప యంత్రాలేమీ లేవు. డాక్టర్ మారినా మారని ఒకే చికిత్సా వరస, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం, రానివాళ్లకు కబురు పెట్టడం. పది రోజుల మాత్రలిచ్చి మళ్లీ రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు?

అపోహ: "జాబితా తయారైతే పనైపోయినట్టే."

ఇథియోపియా 2019లో తన అత్యావశ్యక ఆరోగ్య సేవల జాబితాను కొత్తగా రాసుకుంది. అందులో 1,018 సేవలున్నాయి. ఏది పూర్తి ఉచితం, దేనికి రోగి కొంత పెట్టుకోవాలి అన్నది కూడా విడదీసి పెట్టారు. రాయడానికి చాలా కష్టపడ్డారు, నాకు ఆ పని మీద గౌరవం ఉంది. కానీ జాబితాలో ఉన్న మాత్ర ఆ రోజు ఆ కేంద్రంలో ఉందా అన్నది వేరే విషయం, అది ఇథియోపియాలోనైనా మన దగ్గరైనా.

అందుకే ఏ ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా గోడ మీది చార్టులు చూడను, స్టాక్ రిజిస్టర్ అడుగుతాను. ఒకచోట "జింక్ ఉందామ్మా?" అని అడిగాను. "ఉంది సార్, నిండుగా ఉంది" అని ఫార్మసిస్టు బీరువా తెరిచి చూపించింది. నిజంగానే నిండుగా ఉంది. ఎక్స్‌పైరీ అయిపోయి నాలుగు నెలలైంది.